డబ్బు వచ్చే రోజు, కట్టే రోజు

వానకాలం వచ్చిందంటే గంజాం తీరంలో మొగలిపూల బేరానికి తీరిక ఉండదు. రంగైలుండ, ఛత్రపురం, చికిటి బ్లాకుల్లో పొలం గట్ల మీదా ఇసుక దిబ్బల మీదా గుబురుగా పెరిగే మొగలి చెట్లలో పరిమళమిచ్చేవి మగ పూలే. తెల్లవారుజామున కోసిన పొత్తిలో వాసన గంటగంటకీ తగ్గిపోతుంది కాబట్టి ఆ పూటే బట్టీకి చేరాలి. డేగు అనే రాగి పాత్రలో సుమారు వెయ్యి పూలు వేసి, నీళ్లు పోసి, మూతి చుట్టూ బంకమట్టి మెత్తి కింద మంట పెడతారు. లేచిన ఆవిరి గొట్టం గుండా వెళ్లి, నీళ్ల తొట్టిలో మునిగి ఉన్న భప్కా అనే పాత్రలో చల్లబడి చుక్కలుగా దిగుతుంది. దేశంలో తయారయ్యే మొగలి అత్తరులోనూ మొగలి నీళ్లలోనూ సింహభాగం ఈ ఒక్క జిల్లాదే. గంజాం మొగలిపువ్వుకీ, దాని సారమైన రూహ్‌కీ భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఈ వ్యాపారంలో సరుకు గంటల లెక్కన పాడవుతుంది. డబ్బు ఎన్నాళ్లకి తిరిగొస్తుందో మాత్రం బట్టీ నడిపేవాడి చేతుల్లో లేదు. అత్తరు ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్ వెళ్లాలి, అక్కడి వ్యాపారి అమ్ముకోవాలి, ఆ తర్వాత గానీ లెక్క తేలదు. ఈలోగా పువ్వు తెచ్చినవాళ్లకీ, కట్టెలవాడికీ, అప్పిచ్చినవాడికీ ఈయన కట్టుకుంటూనే ఉండాలి.

వ్యాపారం చేసేవారి మానసిక ఆరోగ్యం మీద ఈమధ్య మాటలు బాగానే వినిపిస్తున్నాయి. ధ్యానం చెయ్యండి, సెలవు తీసుకోండి, ఫోను పక్కన పెట్టండి అని చెబుతుంటారు. బెంగళూరులోనో హైదరాబాదులోనో పెట్టుబడిదారుల డబ్బుతో స్టార్టప్ నడిపేవారికి ఆ సలహాలు కొంత పనికొస్తాయేమో. బరంపురంలో అప్పడాలు ఒత్తించే ఇల్లాలికీ, పాత్రపూర్‌లో కిరాణా కొట్టు నడిపే కుర్రాడికీ, తీరంలో మొగలి బట్టీ పెట్టిన చిన్నాసామికీ అవి దాదాపు పనికిరావు. గత పదిహేనేళ్లలో ఆర్థిక శాస్త్రవేత్తలు, మనస్తత్వ శాస్త్రవేత్తలు కలిసి చేసిన ప్రయోగాలను దగ్గర పెట్టుకుని చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. చిన్న వ్యాపారి మనసుని ఎక్కువగా నలిపేది పని బరువు ఒక్కటే కాదు. చేతికి డబ్బు వచ్చే రోజుకీ, చేతినుంచి కట్టే రోజుకీ పొంతన లేకపోవడం, అందులోనూ వచ్చే రోజు ఏదో తెలియకపోవడం ఆ మనసుని మరింత నలిపేస్తాయి. ఆ రోజులను సరిచెయ్యడం బ్యాంకులకీ, సరుకు కొనేవాళ్లకీ, ప్రభుత్వానికీ సాధ్యమే. అందుకే ఈ విషయాన్ని వ్యాపారి మనోధైర్యానికే వదిలేయడం న్యాయం కాదంటున్నాను.

బరంపురం నుంచి నైరుతి దిక్కుగా వెళితే ఆంధ్ర సరిహద్దుని ఆనుకుని పాత్రపూర్ బ్లాకు వస్తుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమయ్యేదాకా ఈ జిల్లా అంతా మద్రాసు ప్రెసిడెన్సీలోదే. సరిహద్దు గీత పడ్డాక కూడా బేరాలు గీతకి అటూ ఇటూ సాగుతూనే ఉన్నాయి. పట్టుచీర అంచు మీద ఫోడా కుంభ నమూనా ఎత్తే బరంపురం మగ్గాలు తరతరాలుగా తెలుగు మాట్లాడే దేరా నేత కుటుంబాల చేతిలో ఉన్నాయి. బరంపురం అప్పడాలకీ ఊరగాయలకీ ఒడిశా అంతటా పేరు. అప్పడం పనినే తీసుకుని దాని డబ్బు లెక్క చూద్దాం. మినపపప్పు కొత్త పంట వచ్చినప్పుడు చవగ్గా దొరుకుతుంది, అప్పుడే కొని పెట్టుకోవాలి. పిండి కలిపి, దంచి, ఉండలు చేసి, ఒత్తి ఆరబెట్టాలంటే ఎండ కావాలి. ఎండ చాలకపోతే అప్పడం మెత్తబడి బూజు పడుతుంది, ఎక్కువైతే పెళుసెక్కి కట్టలు కట్టేటప్పుడే విరుగుతుంది. అంటే ఆషాఢం నుంచి భాద్రపదం దాకా పని సగం పడకే. అమ్మకం జోరు దసరాకీ, పెళ్లిళ్లకీ. కొట్టువాడు సరుకు దించుకుని, అమ్ముడయ్యాక ఇస్తానంటాడు. ఇక గ్రూపు లోను వాయిదా వారం వారం, లేదా నెలనెలా, ఎండకీ వానకీ ఒకటే మొత్తం. అప్పడాల అమ్మ చేతిలో ఏడాది మొత్తం మీద మిగులు ఉండొచ్చు. ఏడాదిలో చాలా వారాలు మాత్రం లోటే. ఆ లోటు వారాల్లో చేబదులు కోసం ఎవరి గుమ్మం తొక్కాలన్న ఆలోచన పిండి కలిపేటప్పుడూ, పిల్లలకి అన్నం పెట్టేటప్పుడూ, రాత్రి పడుకున్నాకా తలలో తిరుగుతూనే ఉంటుంది.

ఆ ఆలోచన అంత బరువెందుకు? లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 2016లో ప్రచురించిన ఒక ప్రయోగం ఇక్కడ ఉపయోగపడుతుంది. 45 మందిని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, తెర మీద కనిపించే రాళ్లలో దేనికింద పాము ఉందో ఊహించమన్నారు. పాము ఉంటే చేతికి చిన్న కరెంటు షాకు తగులుతుంది. ఒత్తిడిని కంటిపాప వెడల్పుతోనూ, చర్మం మీది చెమటతోనూ కొలిచారు. షాకు తప్పదని ఖాయంగా తెలిసినప్పటికన్నా, తగులుతుందో లేదో సగానికి సగం అవకాశం ఉన్నప్పుడే ఒత్తిడి పతాకస్థాయికి చేరింది. కీడు ఖాయమైతే శరీరం దానికి సిద్ధపడుతుంది. ఏదీ తేలనప్పుడు మెదడు ప్రతి సూచననూ వెతుకుతూ, లెక్కలు వేసుకుంటూ, నరాలను బిగించి ఉంచుతుంది. ప్రయోగశాలలో తగిలింది చిన్న షాకే, అది నిజమే. అయినా "బిల్లు ఈ వారం వస్తుందో, వచ్చే వారం వస్తుందో" అన్న స్థితిని నెలల తరబడి మోసే శరీరంలో ఏం జరుగుతుందో ఊహించడానికి ఆ కొలత దారి చూపిస్తుంది. మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు విడుదల చేసే కార్టిసాల్ అనే హార్మోను ఆపద వేళ మేలే చేస్తుంది, ఒంట్లో చక్కెరను రక్తంలోకి తెచ్చి శక్తినిస్తుంది. రోజుల తరబడి ఎక్కువగా ఉంటే నిద్ర చెడుతుంది, జ్ఞాపకం మందగిస్తుంది, గుండెకీ చేటే. కెన్యాలో వానలు తప్పిన ఏడు రైతుల లాలాజలంలో కార్టిసాల్ పెరిగిందని 2013లో వచ్చిన ఒక అధ్యయనం చూపింది. సేద్యం తప్ప వేరే రాబడి లేనివారిలో ఆ పెరుగుదల మరింత ఎక్కువ.

ఈ ఒత్తిడి ప్రభావం ఆలోచనాశక్తి మీద పడుతుందా అన్నది తర్వాతి ప్రశ్న. ఆనందీ మణి, సెంధిల్ ముల్లైనాథన్, ఎల్డార్ షఫీర్, జియాయింగ్ జావో 2013లో 'సైన్స్' పత్రికలో ప్రచురించిన పరిశోధన తమిళనాడు చెరకు రైతుల మీద జరిగింది. విల్లుపురం, తిరువణ్ణామలై ప్రాంతాల్లో 464 మంది రైతులకి కోతకి ముందు ఒకసారి, చెరకు డబ్బు చేతికందాక ఒకసారి ఒకే తరహా తర్క పరీక్షలు పెట్టారు. మనిషి అదే, చదువు అదే. చేతిలో డబ్బు లేనప్పుడు మార్కులు తగ్గాయి. ఆ ఫలితాన్ని ప్రశ్నించినవాళ్లు ఉన్నారు, వాళ్ల ప్రశ్న తీసిపారేసేది కాదు. అమెరికాలో తక్కువ ఆదాయం గలవారికి జీతం రోజుకి ముందూ తర్వాతా ఇలాంటి పరీక్షలే పెడితే తేడా కనిపించలేదని 2016లో మరో బృందం ప్రచురించింది. మరి ఏది నమ్మాలి? నా మటుకు ఈ రెండు ఫలితాలూ ఒకదాన్నొకటి కొట్టేసుకోవనిపిస్తుంది. అమెరికా ఉద్యోగికి జీతం ఫలానా తారీఖున పడుతుందని ముందే తెలుసు. ఏడాదికోసారి చెరకు డబ్బు కోసం చూసే రైతుకి లోటు నెలల తరబడి సాగుతుంది, ఎంత వస్తుందో ఎప్పుడొస్తుందో తెలియదు. పాము ప్రయోగం చెప్పిందీ ఆ తేడా గురించే. అయినా తర్క పరీక్షల మీదే వాదన నిలబెట్టడం నాకు ఇష్టం లేదు. రోజువారీ పనిలో తేడా కనబడితేనే వ్యాపారికి దానితో నిమిత్తం.

అలాంటి రుజువు ఒడిశాలోనే దొరికింది. సుప్రీత్ కౌర్, సెంధిల్ ముల్లైనాథన్, సూనా ఓ, ఫ్రాంక్ షిల్‌బాక్ విస్తరాకులు కుట్టే పని మీద ఈ ప్రయోగం చేశారు. పంట పనులు లేని రోజుల్లో, చేతిలో డబ్బు అడుగంటిన సమయంలో, 408 మందికి రెండు వారాల పని ఇచ్చారు. ఎన్ని విస్తర్లు కుడితే అంత కూలి. అందరికీ రేటు ఒకటే, మొత్తం మీద వచ్చే డబ్బులోనూ తేడా లేదు. తేడా ఒక్కటే. కొందరికి అప్పటిదాకా సంపాదించిన కూలిలో చాలా భాగం కొన్ని రోజులు ముందుగా ఇచ్చేశారు, మిగతావాళ్లకి అంతా చివరిరోజునే. ఎవరికి ముందు ఇవ్వాలన్నది చీటీ తీసినట్టు నిర్ణయించారు కాబట్టి కష్టపడేవాళ్లంతా ఒకవైపే చేరారనడానికి వీల్లేదు. ముందుగా డబ్బు అందినవాళ్లు వెంటనే చేసిన పని అప్పులు తీర్చడం, ఇంటికి కావలసిన సరుకులు తెచ్చుకోవడం. ఆ తర్వాతి రోజుల్లో వాళ్లు కుట్టిన విస్తర్లు సుమారు 7 శాతం పెరిగాయి. పెరుగుదల ఎక్కువగా కనిపించింది వాళ్లలో మరీ పేదవారి దగ్గర. పరిశోధకులు విస్తరి విస్తరినీ తిప్పి చూశారు. ఒకసారి పుల్ల గుచ్చిన చోట మళ్లీ గుచ్చడం, కావలసినదానికన్నా ఎక్కువ ఆకులు, ఎక్కువ పుల్లలు వాడటం వంటి పొరపాట్లు తగ్గాయి. చెయ్యి అదే, ఆకు అదే. డబ్బు ఆలోచన తలలోంచి తప్పుకున్నాక కన్ను పని మీద నిలిచింది. మగ్గం మీద పోగు తప్పడం, అప్పడం మందం తేడా రావడం, ఖాతాలో అంకె తారుమారవడం ఇవన్నీ ఈ జాతి పొరపాట్లేనని అనుకోవడానికి నాకు అభ్యంతరం కనబడదు.

అయితే కట్టే రోజు సంగతేమిటి? ఈ విషయంలో తెలుగు నేల ఖరీదైన పాఠం నేర్చుకుంది. 2010 నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశంలో సూక్ష్మ రుణాల వ్యాపారానికి కేంద్రంగా ఉండేది. ఒక్కో ఇంటి మీద మూడు నాలుగు సంస్థల అప్పులు, వారం వారం సెంటర్ మీటింగులు, ఒకరు కట్టకపోతే గ్రూపంతా కట్టాలన్న నియమం. వసూళ్ల ఒత్తిడితో ఆత్మహత్యలు జరిగాయన్న వార్తల మధ్య ఆ ఏడాది అక్టోబరులో ఈ సంస్థలను కట్టడి చేస్తూ రాష్ట్రం ఆర్డినెన్సు తెచ్చింది. అందులో వాయిదాలు నెలకోసారే ఉండాలన్న నిబంధన కూడా ఉంది. ఆ తర్వాత వసూళ్లు దాదాపు ఆగిపోయాయి, అప్పులు పుట్టడం కష్టమైంది, చిన్నవాళ్లు మళ్లీ దినవడ్డీ వ్యాపారుల దగ్గరకే నడిచారు. ఆర్డినెన్సు మంచిచెడ్డల మీద వాదన ఇప్పటికీ తెగలేదు. వాయిదా గడువు విషయంలో మాత్రం దారి సరైనదేనని అప్పటికే కోల్‌కతాలో మొదలైన ప్రయోగాలు చెప్పాయి. ఎరికా ఫీల్డ్, రోహిణీ పాండే తదితరులు అక్కడి 200 మంది రుణగ్రహీతల్లో కొందరికి వారం వాయిదా, కొందరికి నెల వాయిదా చీటీ పద్ధతిలో కేటాయించి, రెండు రోజులకోసారి ఫోను చేసి మనసు ఎలా ఉందో అడిగారు. అప్పు గురించి దిగులుగా, ఆందోళనగా ఉందని నెల వాయిదా వాళ్లు చెప్పడం వారం వాయిదా వాళ్లకన్నా 51 శాతం తక్కువ. తీర్చగలమన్న ధీమా ఎక్కువ, అప్పు గురించి ఆలోచిస్తూ గడిపే సమయం తక్కువ. మందు లేదు, కౌన్సెలింగ్ లేదు. మారింది కాలెండరే.

"గడువు సడలిస్తే ఎగ్గొడతారు" అని రుణసంస్థల వాళ్లు వెంటనే అంటారు. ఆ భయం ఉత్తది కాదు. అదే కోల్‌కతాలో మొదటి వాయిదాకి రెండు వారాల బదులు రెండు నెలల గడువిచ్చినప్పుడు, ఆ డబ్బుని వ్యాపారంలో పెట్టినవాళ్లు పెరిగారు, మూడేళ్ల తర్వాత లాభాలూ ఎక్కువయ్యాయి, ఎగవేతలు కూడా పెరిగాయి. ధైర్యం చేసినవాళ్లలో కొందరు దెబ్బతింటారు, అది వ్యాపారంలో ఉన్నదే. దీన్ని దాటే మార్గం బంగ్లాదేశ్‌లో బ్రాక్ అనే రుణసంస్థతో చేసిన ప్రయోగంలో కనిపిస్తుంది. మంచి చరిత్ర ఉన్నవారికి, రుణకాలంలో రెండు నెలల వాయిదాలను తమకి కావలసినప్పుడు వెనక్కి జరుపుకునే వీలిచ్చారు. వ్యాపారాలు పెరిగాయి, ఎగవేతలు పెరగకపోగా తగ్గాయి. వీలుందన్న భరోసా ఉండటమే చాలామందికి చాలింది. మన దగ్గర రిజర్వు బ్యాంకు 2022 మార్చిలో ఇచ్చిన నిబంధనల ప్రకారం సూక్ష్మ రుణాల వాయిదా గడువు రుణగ్రహీత అవసరాన్ని బట్టి ఉండేలా ప్రతి సంస్థా విధానం పెట్టుకోవాలి. ఇంటి నెలసరి ఆదాయంలో సగానికి మించి వాయిదాలకి పోకూడదు. కాగితం మీద ఇది మంచి నిబంధనే. పాత్రపూర్‌లో అప్పడాలకి అప్పు తీసుకున్నామెకి "వానకాలం మూడు నెలలూ సగం వాయిదా, దసరా తర్వాత ఒకటిన్నర" అని అడిగే హక్కుందని చెప్పేవాళ్లు ఉండాలి. ఇంకా ముఖ్యంగా, వసూలుకొచ్చిన కుర్రాడి మీద ఆ వారం టార్గెట్ పెట్టని సంస్థ ఉండాలి. ఆ కుర్రాడి మనసు కూడా ఈ లెక్కలోదే.

వచ్చే డబ్బు సంగతికి చట్టం ఉంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం చిన్న ఉత్పత్తిదారుకి రాతపూర్వక ఒప్పందం ఉన్నా సరే 45 రోజుల్లోపు చెల్లించాలి, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో. ఆలస్యమైతే బ్యాంకు రేటుకి మూడింతల చక్రవడ్డీ. 2024 ఏప్రిల్ నుంచి, సరుకు కొన్నవాడు గడువులో చెల్లించని బాకీని ఆ ఏడు ఆదాయపు పన్నులో ఖర్చుగా చూపించుకోలేడు. ఇవి గట్టి నిబంధనలే. అయితే చిన్న వ్యాపారాల ఉద్యమ్ నమోదు ఉన్నవారికే ఇవి అక్కరకొస్తాయి, ఇంటి వసారాలో అప్పడాలు ఒత్తేవారిలో ఎందరికి ఆ నమోదు ఉంటుంది? పైగా సరుకు తీసుకునే షాపువాడి మీద ఫిర్యాదు పెడితే మర్నాటి నుంచి సరుకు ఎవరు తీసుకుంటారు? అందుకే ఈ విషయంలో ఒంటరి వ్యాపారికి చట్టం కన్నా సహకార సంఘమో, మిషన్ శక్తి మహిళా పొదుపు గ్రూపుల సమాఖ్యో మేలు. సరుకు అందగానే సభ్యురాలికి కొంత డబ్బు చేతిలో పెట్టి, షాపుల దగ్గర వసూలు బాధ్యత తాను తీసుకుంటే, అనిశ్చితి ఒక్క మనిషి తల మీద నుంచి వంద మంది ఉమ్మడి ఖాతా మీదకి మారుతుంది. విస్తరాకుల ప్రయోగం కొలిచిన లాభం ఆ చోట రావాలి.

ఈ జిల్లాలో మరో రకం అనిశ్చితి ఉంది, దానికి కాలెండరు కూడా తెలుసు. ఫైలిన్ తుపాను 2013 అక్టోబరు 12 రాత్రి గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. తిత్లీ 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర దాటి గంజాం, గజపతి, శ్రీకాకుళం జిల్లాలను ఊడ్చేసింది. రెండూ శరన్నవరాత్రుల్లోనే వచ్చాయి, అంటే ఏడాది సరుకు గోదాముల్లో నిండి, అప్పులు పీకల దాకా ఉండి, అమ్మకం మొదలయ్యే వేళకి. 1999 అక్టోబరు తుపానును కూడా ఈ జిల్లా మరిచిపోలేదు. లక్షల మందిని ముందే ఖాళీ చేయించి ప్రాణాలు కాపాడటంలో ఒడిశా దేశానికి ఆదర్శంగా నిలిచింది, అది చిన్న విజయం కాదు. ప్రాణాలు నిలిచాక బతుకుతెరువు మాటేమిటన్నది తర్వాతి ప్రశ్న. 2004 సునామీ తర్వాత శ్రీలంకలో సురేష్ డి మెల్, డేవిడ్ మెకెంజీ, క్రిస్టఫర్ వుడ్రఫ్ చిన్న వ్యాపారులను ఏళ్ల తరబడి వెంటబడి గమనించారు. సహాయం ఇంటి నష్టానికి తగ్గట్టే చాలావరకు అందింది. వ్యాపార ఆస్తుల నష్టానికీ అందిన సాయానికీ మాత్రం పొంతనే లేదు. మూడేళ్లు దాటినా దెబ్బతిన్న వ్యాపారాలు మిగతావాటికన్నా వెనకబడే ఉన్నాయి. ఇల్లు కూలితే అధికారి వచ్చి ఫొటో తీసుకుంటాడు. తడిసి ముద్దయిన మినపపిండినీ, మగ్గం గుంతలో నిలిచిన నీళ్లనీ, ఒరిగిన జీడిచెట్టునీ అలా లెక్క కట్టడం కష్టం. జీడి, కొబ్బరి మళ్లీ కాపుకి రావడానికి ఏళ్లు పడుతుంది, అన్నేళ్లూ పాత అప్పు వడ్డీ మాత్రం ఆగదు. తుపాను హెచ్చరిక వచ్చిన రోజునే ఆ జిల్లా చిన్న రుణాల వాయిదాలు వాటంతటవే మూడు నెలలు వెనక్కి జరిగే ఏర్పాటు ముందే ఒప్పందంలో రాసి ఉంటే, తర్వాత ఎవరి కాళ్లూ పట్టుకోనక్కర్లేదు.

వ్యాపారం పదికాలాలు నిలవాలంటే ముందుచూపు కావాలి. ముందుచూపుకి తెరిపి ఉన్న మనసు కావాలి. మొగలిపూల విషయంలోనే దీన్ని చూడొచ్చు. మొగలి నూనెకి ఆ పరిమళాన్ని ఇచ్చే ప్రధాన పదార్థం ఫినైల్ ఇథైల్ మిథైల్ ఈథర్, దాన్ని కర్మాగారంలో చవగ్గా తయారు చేస్తారు. అది కలిపితే ఈ నెల వాయిదా గడుస్తుంది, పదేళ్లకి గంజాం పేరు పోతుంది. మొగలి పొదలు ఇసుక దిబ్బలను పట్టి ఉంచుతాయి, పొలాలకి సముద్రపు గాలినుంచి అడ్డుకట్టగా నిలుస్తాయి. ముదిరిన పొదలు తీసి కొత్త పిలకలు నాటితే పూత కోసం కొన్నేళ్లు ఆగాలి. ఎల్లుండి వాయిదా తప్ప మరేదీ కనబడని స్థితిలో ఉన్న మనిషిని పర్యావరణం గురించి ఆలోచించమనడం అన్యాయం. సుస్థిర వ్యాపారాల పేరిట శిక్షణ శిబిరాలు పెట్టేవారు చెట్టునీ నీటినీ బొగ్గుపులుసు వాయువునీ లెక్క కడతారు, వ్యాపారి నిద్రని ఆ లెక్కలో చేర్చరు. నిద్ర లేనివాడు చెట్టు నాటడు.

దీనికి ఎదురు వాదన బలమైనదే ఒకటుంది. వ్యాపారం ఎవరూ బలవంతంగా చేయించరు, ఉద్యోగంలో లేని స్వేచ్ఛ అందులో ఉంది, ఒత్తిడే మనిషిని ముందుకు తోస్తుంది అంటారు. సొంత పని చేసుకునేవారి మానసిక స్థితి మీద ఊటె స్టీఫన్ 2018లో వందకి పైగా అధ్యయనాలను సమీక్షించారు. పని మీద సొంత అధికారం మనసుకి మేలు చేస్తుందని అందులో నిజంగానే కనిపిస్తుంది. అమెరికాలో మైకేల్ ఫ్రీమన్ బృందం 242 మంది వ్యాపార స్థాపకులను పరిశీలిస్తే 30 శాతం మంది తమకు డిప్రెషన్ ఉందని, లేదా ఉండేదని చెప్పారు, పోల్చి చూసిన వారిలో అది 15 శాతం. ఈ రెండూ ఒకేసారి నిజమయ్యే వీలుంది. స్వేచ్ఛ మేలు చేస్తుంది, అనిశ్చితి ఆ మేలుని హరిస్తుంది. ఏది పైచేయి అవుతుందన్నది చేతిలో ఉన్న మిగులు మీదా, వ్యాపారం కోరి పెట్టిందా గతిలేక పెట్టిందా అన్నదాని మీదా ఆధారపడుతుంది. గంజాం నుంచి సూరత్ మరమగ్గాలకి వెళ్లి, 2020 లాక్‌డౌన్‌లో తిరిగొచ్చి, చేతిలో ఉన్న కాస్తతో కొట్టు పెట్టుకున్నవాడికి ఆ స్వేచ్ఛ ఎంతని? ఆ ఏడాది జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల్లో ఆత్మహత్యకు పాల్పడిన వ్యాపారులు 11,716 మంది. వ్యవసాయ రంగంలో ఆ సంఖ్య 10,677. రైతు గురించి దేశం మాట్లాడుతుంది, మాట్లాడాలి కూడా. కొట్టువాడి గురించి కూడా అంతే మాట్లాడాలి.

అయినా కాలెండరు సరిచేస్తే సరిపోతుందని నేను అనడం లేదు. దిగులు ముదిరి జబ్బైతే వాయిదా జరిపినా మనిషి లేవడు, అప్పుడు చికిత్స కావాలి. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మానసిక రుగ్మతలున్నవారిలో జబ్బుని బట్టి 70 నుంచి 92 శాతం మందికి వైద్యం అందడం లేదు. డాక్టర్లు అంతమంది లేరు, రేపటికి పుట్టుకురారు. గోవాలో విక్రమ్ పటేల్ బృందం ఇందుకో దారి చూపింది. మానసిక వైద్యంలో డిగ్రీ లేని స్థానికులకు శిక్షణ ఇచ్చి, తీవ్రమైన డిప్రెషన్‌తో ఉన్నవారితో ఆరు నుంచి ఎనిమిదిసార్లు మాట్లాడించారు. మూడు నెలల్లో ఆ సాయం అందినవారిలో 64 శాతం మంది తేరుకున్నారు, మామూలు వైద్యమే అందినవారిలో 39 శాతం. నాలుగైదేళ్ల తర్వాత వెళ్లి చూసినా ఆ మేలు నిలిచే ఉంది. పాకిస్తాన్‌లో హింస చెలరేగిన సరిహద్దు ప్రాంతాల చిన్న వ్యాపారులకి ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతిలో వారానికోసారి చొప్పున ఐదు వారాలు గుంపుగా శిక్షణ ఇస్తే ఆందోళన, దిగులు లక్షణాలు తగ్గాయి. చేతిలో ఉన్న కష్టాల్లో తీర్చగలిగినవేవో తీర్చలేనివేవో వేరు చేసుకోవడం, ఆగిపోయిన పనుల్లో చిన్నదొకటి మళ్లీ మొదలుపెట్టడం, సాయం అడగడం అలవాటు చేసుకోవడం అందులో ముఖ్యాంశాలు. ఒడిశాలో 2001లో మొదలైన మిషన్ శక్తి గ్రూపులు ఎలాగూ పొదుపు పుస్తకాలతో కలుసుకుంటూనే ఉన్నాయి కాబట్టి ఇలాంటి శిక్షణకి కొత్త భవనం కట్టనవసరం లేదు.

పాత్రపూర్‌లో మాత్రం ఒక సంగతి అదనంగా చూసుకోవాలి. ఇక్కడి తెలుగువాళ్లు బేరం ఒడియాలో చక్కగా ఆడతారు, బ్యాంకు కాగితం ఒడియాలో నింపుతారు. రాత్రి నిద్ర పట్టడం లేదని, గుండె దడగా ఉందని, బతకాలనిపించడం లేదని చెప్పుకోవాల్సి వస్తే తల్లిభాషలోనే నోరు పెగులుతుంది. ఆ మాట బరంపురంలోని ఎంకేసీజీ వైద్య కళాశాల మానసిక విభాగం దాకా వెళ్లినా, బ్లాకు ఆసుపత్రిలోనే ఆగినా, వినేవారికి తెలుగు రావాలి. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ సేవ 14416 నంబరు మీద పగలూ రాత్రీ ఉచితంగా పనిచేస్తుంది, ఫోను చేసినవారు భాషని ఎంచుకోవచ్చు, అందులో తెలుగు ఉంది, ఒడియా ఉంది. ఆ నంబరుని గ్రూపు లోను పాస్‌బుక్కు అట్ట మీద రెండు లిపుల్లో అచ్చువేయడానికి పెద్ద ఖర్చేమీ కాదు. వాయిదాల పట్టిక పక్కనే, ఈ ఏడు ఏయే నెలల వాయిదాలు వెనక్కి జరుపుకోవచ్చో రాసుకునే రెండు ఖాళీ గళ్లు కూడా అక్కడే ఉండాలి.